అత్త ఎడమ చేతి తొడుగు

మా మేనత్త ఎడమ చేతికి నేనొక తొడుగు చేశాను. ఆ సంగతి ఎత్తితే చాలు, మా ఇంట్లో వాళ్లు మళ్లీ డప్పు మొదలుపెట్టిందని నవ్వుతారు. నవ్వనీయండి. నా డప్పు నేను కొట్టుకోకపోతే ఇంకెవరు కొడతారు?

అత్త మా బాపుకు అక్క. మొయినాబాద్ దగ్గర ఎంకపల్లిలో, చర్చి బడిలో పిల్లలకు అక్షరాలు నేర్పిన మనిషి. నడివయసులో జ్వరమొచ్చి చెవులు పోయాయి. తర్వాత చూపు కూడా మెల్లమెల్లగా పోయింది. మామ చనిపోయాక ముడిమ్యాలలో మా ఇంటికి వచ్చేసింది. మాట మాత్రం చెక్కుచెదరలేదు. ఆమె చెప్పేవి మేమంతా వినేవాళ్లం. మేము చెప్పడానికే దారి లేదు. కుడి చెయ్యి మా ముఖాల మీద పెట్టి, నవ్వుతున్నామో ఏడుస్తున్నామో చూసుకునేది. భుజం తడితే అన్నం. చెయ్యి పట్టి లేపితే స్నానం. ఆమె ఏదైనా అడిగితే, ఆ చెయ్యి మా తల మీద పెట్టుకుని అవునని నిలువుగానో, కాదని అడ్డంగానో ఊపేవాళ్లం. అంతకు మించి ఏ ముచ్చటా ఆమె దాకా పోయేది కాదు. అరచేతిలో వేలితో రాసి చూశాం. మన అక్షరాలన్నీ గుండ్రంగా తిరుగుతాయి కదా, "చక్కిలిగిలి పెడ్తున్నరా?" అని చెయ్యి లాక్కునేది.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజుల్లో కాలేజీలు మూతపడ్డాయి. పట్నంలో చదువుతున్న నేను ఇంటికి వచ్చాను. నాతో రావలసిన అన్న రాలేదు. ఊరేగింపులో పోలీసులు పట్టుకుని జైల్లో వేశారు. మమ్మల్ని కన్న అవ్వ పొలం పనుల్లో ఉంటే, వాణ్ని పసితనం నుంచి ఎంకపల్లిలో తన దగ్గరుంచుకుని సాకింది అత్తే.

అవ్వ ఏడ్చింది. అత్త చెయ్యి ఆ తడిని చూసింది. పలకరించడానికి జనం వచ్చి పోతుంటే నేల అదురు ఆమె కాళ్లకు తెలిసింది. అన్న సైకిలు సీటు తడిమితే దుమ్ము పేరుకుని ఉంది. ఇవన్నీ కలుపుకుని ఆమె తనలో తానే తేల్చేసుకుంది. పిలగాడు చచ్చిపోయాడు, ఈ గుడ్డిదానికి చెప్పి ఏం లాభమని దాచిపెట్టారు.

"సమాధికాడికన్న తీస్కపోండ్రి. ఆ మట్టన్న ముట్టుకుంట," అంది.

బాపు ఆమె చెయ్యి తన తల మీద పెట్టుకుని కాదు కాదని అడ్డంగా ఊపాడు.

"నువ్వు నా తమ్మునివి. నా ఏడుపు సూడలేక అట్లనే ఊపుతవ్," అంది అత్త.

ఆ రోజు నుంచి రొట్టె ముట్టలేదు. బలవంతపెడితే ఇన్ని గంజి నీళ్లు తాగేది. మనిషి రోజురోజుకూ కరిగిపోతోంది. నాకు దుఃఖం కంటే కోపం ఎక్కువ వచ్చింది. బతికే ఉన్నాడన్న ఒక్క మాట చేరవేయలేక మనిషిని పోగొట్టుకుంటామా అని ఒళ్లు మండిపోయింది.

ఆ కోపంలోనే తట్టింది. చిన్నప్పుడు ఎంకపల్లిలో అత్త మాకు అక్షరాలు నేర్పింది పలక మీద కాదు, వేళ్ల మీద. బొటనవేలు క వరుస, చూపుడు వేలు చ వరుస, అట్లా చిటికెన వేలికి ప వరుస. కొస నుంచి మొదలు దాకా వేలికి ఐదు తావులు, ఐదు అక్షరాలు. మిగిలినవి అరచేతిలో, అచ్చులు మణికట్టు చుట్టూ. ఆ తావులు ఆమెవే, కొత్తగా నేర్పే పని లేదు. అయితే ఎదుట కూర్చున్న వాళ్లకు అవి ఎట్లా తెలియాలి? అందుకే తొడుగు. బాపు పాత ధోతి చింపి పలుచటి చేతి తొడుగు కుట్టి, ఏ తావులో ఏ అక్షరమో పెన్సిలుతో రాశాను. ఆ గీతల మీద అవ్వ నల్ల దారంతో కుట్టింది. చదువు వచ్చిన వాళ్లెవరైనా అక్షరం చూసి నొక్కితే చాలు, అత్తతో మాట్లాడినట్టే.

తీరా తొడిగితే అత్త గుంజి అవతల పారేసింది.

తప్పు మాదే. తొడుగు కుడి చేతికి కుట్టాం. మా ఇళ్లలో ఎడమ చేత్తో ఏదీ ఇవ్వం, పుచ్చుకోం. అక్షరాలను ఎడమ చేతికి ఎక్కించాలని మాకు కలలో కూడా తోచలేదు.

"ఈ చెయ్యి నా కన్ను. కన్నుకు గంతలు కడ్తరా?" అంది అత్త.

ఎడమ చేతికి మళ్లీ కుడదామంటే అవ్వ సూది పట్టడానికి జంకింది. "బైబిల్ల ఉన్నయి గీ అక్షరాలే గద బిడ్డా. ఎడమ చేతికి కుట్టుడేంది?"

"ఆ చెయ్యి మాత్రం దేవుడియ్యలేదా అవ్వా? కుట్టు," అని కసురుకున్నాను. కుట్టింది.

అత్త కుడి చెయ్యి నా చెంప మీద పెట్టించి, ఎడమ చేతికి తొడుగు తొడిగాను. బొటనవేలి మీద క నుంచి వరుసగా నొక్కుకుంటూ వచ్చాను. అత్త కదలకుండా కూర్చుంది.

"ఇది నా బడి," అంది.

అప్పుడు ఒక్కో అక్షరం నొక్కాను. ఆమె పైకి పలికి కూడబలుక్కుంది. అన్న జైల్ల ఉన్నడు. బతికి ఉన్నడు. ఎన్నో ఏళ్ల తర్వాత ఆమెకు చేరిన మొదటి మాట అది, నా వేళ్ల మీదుగా చేరింది. బాపు తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు. నాకైతే ఇల్లెక్కి ఊరంతటినీ పిలవాలనిపించింది.

కానీ అత్త అత్తే. "ఇది నువ్వు చెప్పినవ్. మీ బాపు తల ఊపినట్టే. వాడు చెప్పాలె," అని రొట్టె పళ్లెం పక్కకు నెట్టింది.

రొట్టెలు మూట కట్టుకుని ఆమెను పట్నం బయలుదేరదీశాం. మొయినాబాద్ దగ్గర ఉద్యమం పిల్లలు రోడ్డుకడ్డంగా రాళ్లు పెట్టి బస్సు ఆపారు. జై తెలంగాణ అంటేనే పోనిస్తామన్నారు. అందరూ అన్నారు, అత్త తప్ప. ఒకడు కిటికీ దగ్గరికొచ్చి, "ఈమె అనదా?" అని గదిమాడు. నేను తొడుగు మీద నొక్కాను. అత్త లేచి నిలబడి, బడిలో పాఠం చెప్పే గొంతుతో జై తెలంగాణ అంది. "మా పిలగాడు జైల్ల ఉన్నడు. జర తొవ్వ ఇడువుండ్రి," అని కూడా అంది. రాళ్లు వాళ్లే తీశారు. మిగతా దారంతా బస్సులో వాళ్లు నా చేతుల వైపే చూస్తుంటే నేను ఇంకాస్త నిటారుగా కూర్చున్నాను.

జైల్లో ములాఖత్ ఊచల మధ్య నుంచి. అన్న గడ్డం పెరిగి, చిక్కిపోయి వచ్చాడు. అత్త కుడి చెయ్యి లోపలికి పెట్టి వాని ముఖం తడిమింది. ఎడమ చెయ్యి నేను వానికి అందించాను.

"అక్షరం సూసి నొక్కు," అన్నాను.

వాడు ఆ తొడుగును ఎన్నడూ చూడలేదు. ఐనా ఒక్కసారి తిప్పి చూసి, "మనం నేర్చిన వేళ్లే గద," అన్నాడు.

కాపలా జవాను దగ్గరికొచ్చాడు. "చప్పుడు లేని మాటలు నడవయ్. ఏం మాట్లాడినా నాకు వినపడాలె."

అందుకని అన్న నొక్కుతూ పైకి కూడా చదివాడు. "అత్తా. నేనే. తిన్నవా?"

"తినలే," అంది అత్త.

"ఎందుకు?"

"నువ్వు సచ్చినవనుకున్న."

అన్న నుదురు ఊచలకు ఆనించాడు. అత్త కుడి చెయ్యి వాని కళ్ల కింద తడిని చూసింది, పెదవుల దగ్గరికి వెళ్లింది, అక్కడ చిన్న నవ్వును కూడా చూసింది. అప్పుడు వాడు, "తిను," అని నొక్కాడు. ఈసారి పైకి చదవలేదు. జవాను కూడా అడగలేదు.

"రొట్టె తే," అంది అత్త నాతో.

మూట విప్పి ఆమె ఒళ్లో పెట్టాను. అత్త కుడి చెయ్యి అన్న ముఖం మీద నుంచి తీసి, రొట్టె తుంచి నోట్లో పెట్టుకుంది. ఎడమ చెయ్యి ఊచల లోపల వాని చేతిలోనే ఉంది. వాడు ఏదో నొక్కుతూనే ఉన్నాడు, ఆమె నములుతూనే వింటోంది.