మడమ మీద మసి

మొన్న మా వీధిలో పురిటిబిడ్డ పోతే పలకరించడానికి వెళ్ళాను. "ఏ జన్మలో పాపమో!" అంది ఒకావిడ, ఆ తల్లికి వినబడేలాగే. ఇంటికొచ్చి ఈ కాగితం తీశాను. ఈ సంగతి ఎప్పుడో రాయవలసింది. కానీ యాభై దాటాక గానీ నాకు అక్షరాలు రాలేదు. అంతవరకూ నా చేతులకు తెలిసినవి చేపలూ, ఉప్పూ, గంపా మాత్రమే.

తొంభైల్లో నా మొదటి కూతురు మూడో నెలలోనే జ్వరంతో పోయింది. ఇసకలో పూడ్చే ముందు మా అత్త పొయ్యిలో మసి తెచ్చి దాని ఎడమ మడమ మీద వేలితో అద్దింది. పోయిన బిడ్డ మళ్ళీ అదే కడుపున పుడితే ఆ చోట మచ్చ ఉంటుందని మా వాళ్ళ నమ్మకం. రెండేళ్ళు నాకు కడుపు రాలేదు. పిల్ల దారి తప్పి వేరే ఇంటికి వెళ్ళిందేమోనని అత్తకు అనుమానం పట్టుకుంది. మేం గంపలు దించి అమ్ముకునే పూర్ణా మార్కెట్లో చేపలు కొనడానికి వచ్చిన ఆడవాళ్ళ చంకలో పిల్ల కనిపిస్తే చాలు, తడి చేత్తోనే కాలు పట్టుకుని తిప్పి చూసేది. "ఏటే ముసల్దానా, పిల్ల కాలిక్కూడా బేరమాడతన్నావా?" అని ఒకావిడ కేకలేసింది. "కాదమ్మా, కాలు సూసి సేపలిత్తన్నాను" అని అత్త గుప్పెడు నెత్తళ్ళు ఊరికే వేసి పంపింది.

తరవాత మళ్ళీ ఆడపిల్లే పుట్టింది. అందరికంటే ముందు నేనే మడమలు చూశాను. ఏ మచ్చా లేదు. నా పాపం అంత పెద్దది కాబట్టే నా బిడ్డ నా దగ్గరకు రాలేదనుకున్నాను. ఈ పిల్ల ఏడిస్తే గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. అత్త కసిరితే రోజుకు ఒకటి రెండుసార్లు పాలు పట్టేదాన్ని, అంతే. మిగతా వేళల్లో అత్తే మేకపాలు కాచి దూదితో చుక్క చుక్కగా నోట్లో వేసేది. పిల్ల పక్కటెముకలు తేలిపోయాయి.

పదో రోజు సాయంత్రం అత్త గంప దించి నా ఎదురుగా చతికిలబడింది.

"ఒలే, ఏటే నీ బాద?"

"నా పాపం అత్తా. ముందు జన్మలో ఏటి సేసినానో!"

"అది ఎవులు సూసినారే? ఇప్పుడు సేత్తన్నది నాను సూత్తన్నాను."

అత్త గొంతు తగ్గించింది.

"మన పిల్ల ఎవులింటికో ఎల్లింది. ఆ తల్లి దానికి కడుపునిండా పాలిత్తందో లేదోనని నాకు రోజూ బెంగే. ఇదీ ఎవులింట్లోనో పోయి మనకాడికొచ్చింది. దీని ముందటి తల్లి ఎక్కడో ఏడుత్తంటాది. ఆల పిల్లని నువ్వు పస్తులెడతావా?"

కర్మ గురించీ జన్మల గురించీ ఆ తరవాత గుళ్ళో ఎన్నో ప్రసంగాలు విన్నాను. సంతకం కూడా రాని మా అత్త ఆ సాయంత్రం చెప్పినదానికంటే ఎక్కువ నాకు ఎక్కడా దొరకలేదు.

మర్నాడు, పడవలు ఒడ్డుకు చేరే వేళకే లేచాను. అత్త చేతిలోని మేకపాల గిన్నె పక్కన పెట్టి, పిల్లను ఒళ్ళోకి తీసుకుని రొమ్ము అందించాను. కాసేపు పెనుగులాడి ఏడ్చింది. తరవాత గట్టిగా పట్టుకుంది. అందరికీ దాని వయసు అప్పటికి పదకొండు రోజులు. నాకు మాత్రం అది ఆ పొద్దున్నే పుట్టింది.