ఒకే ఐడీలో ఐదు గొంతులు

రిటైర్మెంటుకు ఇంక మూడేండ్లు ఉందనంగ, వానకాలం మొదట్ల, నన్ను జనగామ రూటింగ్ డెస్కు మీద వేసిన్రు. వ్యవసాయ మోటార్లు అమ్మే కంపెనీకి రైతుల ఫోన్లు అందుకునే పని మాది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లిల మూడు సెంటర్లు. ఏ సెంటర్‌కు ఎంత వాటా కాల్స్ పోవాలెనో కూర్చున్నకాడి నుంచి నేనే మార్చేది. ఒకచోట క్యూ పెరిగితే ఇంకోచోటికి మళ్లించాలె. సెంటర్‌ల ఎవరు ఎక్కువసేపు ఖాళీగ ఉంటే వాళ్లకు మిషనే కాల్ ఇస్తది.

నాకు మనుషుల మీద నమ్మకం తక్కువ. ఈ ఉద్యోగానికి అది పనికొచ్చింది కూడ. నీళ్లు తాగొస్తనని బ్రేక్ బటన్ నొక్కి ముచ్చట్లు పెట్టేటోళ్లను ఎంతమందినో పట్టిన.

ఏడాది తిరిగినంక, భూపాలపల్లిల రజిత అనే అమ్మాయి లాగిన్ ఐడీ మీద అనుమానం అట్లనే వచ్చింది. అప్పటిదాక మామూలుగ పనిచేసే ఐడీ, ఉన్నట్టుండి కాల్స్ లెక్కల సెంటర్‌లనే ముందుకొచ్చింది. సంతోషపడాల్సింది పోయి రికార్డింగులు తీసి విన్న. సోమవారం ఒక గొంతు, మంగళవారం ఇంకొకటి. అందరూ "నమస్తే, రజితను మాట్లాడుతున్న" అనే అంటున్నరు. వారం మొత్తం విన్న. ఐదు గొంతులు తేలినయ్.

పాస్‌వర్డ్ ఎవరికో అమ్ముకున్నదనుకున్న. మా స్క్రీన్ మీద రైతు ఫోన్ నంబరు, ఊరు అన్నీ కనబడతయ్. పరీక్షకని మహబూబాబాద్ వాటా తగ్గించి భూపాలపల్లికి పెంచిన. ఆ ఐడీ జంకలే, వచ్చిన కాల్సన్నీ ఎత్తింది. మహబూబాబాద్ సూపర్‌వైజర్ యాకూబ్ ఫోన్ చేసి, "ఏంది సార్, మావోళ్లు ఖాళీగ కూసున్నరు, భూపాలపల్లోళ్లు పనితోటి సస్తున్నరట" అన్నడు. అతనికి గూడ ఏమన్న తెలుసునా అని ఆ మాటను రెండు రోజులు అనుమానించిన.

మూడో రోజు ఎవ్వరికీ చెప్పకుండ బస్సెక్కి భూపాలపల్లి పోయిన. రజిత సీట్ల ఇంకో అమ్మాయి హెడ్‌సెట్ పెట్టుకొని మాట్లాడుతున్నది. పక్కన మెడకు రుమాలు చుట్టుకున్న రజిత కంప్లయింట్లు టైపు చేస్తున్నది. నన్ను చూసి లేచి నిలబడి, మెడకున్న రుమాలు దిక్కు చూపెట్టింది. థైరాయిడ్ ఆపరేషన్ అయిందట, డాక్టర్ నెల దాక మాట్లాడొద్దన్నడట. ఆ నెలనే ఆమె కాంట్రాక్టు తిరిగి రాయాలె. కాల్స్ తగ్గితే రాయరు.

ఆమె బదులు ఆ అమ్మాయి, స్వరూప, చెప్పింది. రోజుకొకరు తమ వీక్లీ ఆఫ్ నాడొచ్చి రజిత ఐడీల కూర్చుంటున్నరట. ఒకరు మాట్లాడుడు, రజిత టైపు చేసుడు, అందుకే కాల్స్ జల్ది అయిపోతున్నయట. "నాట్లకు బదులు పోతం గద సార్. ఆమెకు శాతగానప్పుడు ఆమె మడిల నేనేస్త, నాకు పనివడ్డనాడు ఆమె వస్తది. గిది గూడ గంతే. చలికాలంల మా అవ్వ దవాఖానల ఉన్నప్పుడు నా కాల్స్ ఎవరు మాట్లాడిన్రనుకున్నరు?"

అంటే చలికాలంల గూడ ఇదే జరిగింది, నేను పట్టలే. అప్పుడు జాలి కంటె ముందు నాకు ఆ కోపమే వచ్చింది. మిగతా పేర్లు అడిగిన. ఇద్దరూ చెప్పలే.

ఒకరి ఐడీల ఇంకొకరు కూర్చుంటే ఉద్యోగం పోతదని రూలు. ఉన్నది ఉన్నట్టు రిపోర్టు రాసిన. వారం తిరగకముందే రజితను, స్వరూపను తీసేసిన్రు.

రాయనిది ఒకటున్నది. డాక్టర్ చీటీ ఉంటే ఏజెంటుకు నెల దాక కాల్స్ ఆపి, టైపింగ్ పనే ఇచ్చే వెసులుబాటు నా సిస్టంల ముందునుంచే ఉన్నది. లెక్కల గూడ ఆమెకు నష్టం రాదు. నా కాడ రెండు క్లిక్కుల పని. చెప్తే తెల్లారేసరికి అందరూ చీటీలు పట్టుకొని వస్తరని, ఆ సంగతి సూపర్‌వైజర్లకు తెలువనియ్యలే. అది దాచింది నేనే.

ఆ ఇద్దరు పోయిన తర్వాత ఆ వెసులుబాటు ఉన్నదని మూడు సెంటర్లకు ఆర్డరు పంపిన. ఏడాది మొత్తంల వచ్చిన చీటీలు రెండు. రెండింటికీ నేనే దవాఖానలకు ఫోన్ చేసి అడిగిన. రెండూ నిజమే.

ఉన్న వెసులుబాటును దాస్తే మనుషులు దొంగదారి వెతుక్కుంటరు, ఆ తప్పుల సగం దాచినోనిది. నేను ఇది నేర్చుకునేసరికి రజిత ఉద్యోగం పోయింది. నాది రిటైర్మెంటు దాక నడిచింది.