తొరీబియో చెయ్యి

డెల్ఫీనో ప్రతి ఉదయం దుకాణం తెరిచే ముందు పరలోక ప్రార్థన చెప్పుకుని, మంగలి కుర్చీ మీద కప్పే తెల్లగుడ్డ అంచుతోనే కెమెరా అద్దం తుడుచుకునేవాడు. మా చామా ఊళ్ళో మగవాళ్ళ తలలన్నీ ఆయన చేతికింద వంగినవే. మనసు మాత్రం ఎప్పుడూ రైలెక్కే కొండకనుమ మీద ఉండేది. బొగ్గు ఇంజను అక్కడి ఇరుకు పట్టాల మీద, దారి బాగుచేసే పనిబండిని లాక్కుంటూ, కంకర పెట్టెలతో, మంచు తోసే బండితో కొండెక్కుతోందని తెలిస్తే చాలు, సగం గీసిన గడ్డాన్ని వదిలేసి పరిగెత్తేవాడని మావాళ్ళు ఎగతాళి చేసేవారు.

ఆయన తీసే ఫొటోలో బండి తాతలనాటిదిలా కనబడాలి. పట్టాల పనివాళ్ళు తొడుక్కునే నారింజరంగు చొక్కాలు ఆ అందాన్ని చెడగొడతాయని ఆయన బాధ. అందుకే మేస్త్రీ ఒనేసిమోను బతిమాలేవాడు.

"బావా, మీవాళ్ళని ఒక్క నిమిషం పెట్టెచాటుకి పొమ్మనవా?"

"పోండ్రా పోండి! ఇంజనమ్మకి మన మొహాలు గిట్టవంట!" అని అరిచేవాడు ఒనేసిమో.

అందరికంటే ముందు తప్పుకునేవాడు తొరీబియో. డెల్ఫీనో కెమెరా స్టాండును మంచులో మోసుకొచ్చి నిలబెట్టి, తన చిక్కుడుగింజల రొట్టెలో సగం ఆయన చేతిలో పెట్టి మరీ చాటుకు వెళ్ళేవాడు. చాటున చేసే మేలు దేవుడు చూస్తాడని మా ఫాదర్‌గారు అంటారు. మేమెవరమూ చూడలేదు.

ఈ చలికాలం తొరీబియో నిద్రలోనే పోయాడు. చర్చిలో ఆయన కోసం ప్రార్థన పెట్టిన రోజు పొద్దున్నే ఆయన భార్య లుగార్దా దుకాణానికి వచ్చింది. గడ్డం గీయించుకుంటూ నేనక్కడే ఉన్నాను.

"అన్నా, ఇంట్లో పెళ్ళినాటి ఫొటో తప్ప ఏమీ లేదు. అందులో మరీ పిల్లాడిలా ఉన్నాడు. చర్చిలో పెట్టడానికి నీ దగ్గర మంచిదొకటి చూసివ్వవా? ఎప్పుడూ నీ వెంటే ఉండేవాడుగా."

"సాయంత్రానికి తెస్తానమ్మా," అన్నాడు డెల్ఫీనో.

ఆమె వెళ్ళగానే తలుపేసి, ఫొటోల పెట్టెలన్నీ నేలమీద బోర్లించాడు. నేనూ కూర్చుని వెతికాను. పొగ, ఆవిరి, మంచు, నిగనిగలాడే ఇంజన్లు. మనిషన్నవాడు లేడు. చివరికి ఒక ఫొటోలో, కంకరపెట్టె మూలన, చెయ్యి ఒకటి దొరికింది. గాలికి ఎగిరిన నారింజ చొక్కా అంచును చాటుకు లాక్కుంటున్న చెయ్యి.

డెల్ఫీనో చెవులు ఎర్రబడ్డాయి. "ఇది ఏ మొహం పెట్టుకుని ఇవ్వను?"

"ఉన్న మొహంతోనే ఇవ్వు. లేదని మాత్రం అబద్ధమాడకు," అన్నాను.

చర్చి మెట్ల మీద లుగార్దా ఆ ఫొటోను చాలాసేపు చూసింది. ఎందుకిలా ఉందో డెల్ఫీనో తల వంచుకుని చెప్పాడు.

"బొటనవేలు వంకర. ఆయనదే," అంది. "నీ ఫొటో పాడవకూడదని చొక్కా ఎంత గట్టిగా పట్టుకున్నాడో చూడన్నా."

ఆ మాటలో నిష్ఠూరమే లేదు. తిట్టినా డెల్ఫీనోకు అంత గుచ్చుకునేది కాదు. పెళ్ళి ఫొటో పక్కన, కొవ్వొత్తుల దగ్గర, ఆ చేతిని ఆమే పెట్టింది. డెల్ఫీనో చివరి వరుసలో మోకరించి, ప్రార్థన అయ్యేదాకా తలెత్తలేదు.

సమాధి చేసిన మర్నాడు పనిబండి దగ్గరికి వెళ్ళాడు. టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"ఏంటి, తప్పుకోమంటావా?" అన్నాడు ఒనేసిమో.

"వద్దు బావా. అందర్నీ ఆ చొక్కాలతోనే ఇంజను ముందుకి రమ్మను. మొహాలన్నీ కనబడాలి. ఇంజను కనబడకపోయినా ఫర్లేదు. ఈ ఒక్క సాయం చేసిపెట్టు."