మా అత్తగారి సూదుల డబ్బా

మా అత్తగారు పోయారు. మొన్న మంగళవారం మధ్యాహ్నం, ఫిల్మ్‌నగర్‌లోని మా ఇంట్లోనే, చేతికి సెలైన్ ఎక్కుతుండగా పోయారు. వచ్చినవాళ్లందరికీ ఈ మాటే చెప్పి చెప్పి నోరు అలిసిపోయింది. అందుకే మిగతాది రాస్తున్నాను.

ఆవిడ సినిమాల్లో చిన్న వేషాలు వేసేవారు. ఎక్కువగా నర్సు వేషమే. తెల్లచీర కట్టుకుని హీరో మంచం వెనక నిలబడాలి, డాక్టరు చెయ్యి చాపితే సిరంజి అందించాలి. డైలాగు ఉండేది కాదు. "నేను ఎక్కించినవన్నీ ఒట్టి పంపునీళ్లే అమ్మాయ్. అయినా ఒక్క హీరో చావలేదు," అని నవ్వేవారు.

తర్వాత ఆవిడ కొడుకే, అంటే మా ఆయనే, మంచం పట్టారు. కెమెరా అసిస్టెంటుగా పనిచేస్తూ క్రేను మీంచి పడ్డారు. కాలి ఎముకకు చీము పట్టింది. వారాల తరబడి నరంలోకి మందు ఎక్కించాలి, ఎక్కడ తేడా వచ్చినా కాలు తీసెయ్యాల్సి వస్తుంది అన్నారు డాక్టరు. ఇంటికి తెచ్చుకున్నాం. ఆస్పత్రి నర్సమ్మ ఒకామె రోజూ పొద్దున్నే వచ్చి సూది పెట్టి, మిగతా పని మాకు నేర్పి వెళ్లేది. షూటింగ్ లైటు స్టాండు ఒకటి తెచ్చి సీసాను దానికే వేలాడదీశాం.

ఆ రోజు నుంచి అత్తగారు నవ్వడం మానేశారు. మోచేతులదాకా సబ్బుతో కడుక్కునేవారు. తడిచేతులు కొంగుకు తుడుచుకుంటే నాకు చీవాట్లే. సీసాను వెలుతురుకు ఎత్తి నలకలున్నాయేమో చూసేవారు, గొట్టంలో గాలి లేకుండా చూసేవారు. సీసా మీద పేరు నేను పైకి చదవాలి, ఆవిడ డాక్టరు చీటీ చూసి ఔననాలి. రోజూ ఇదేమిటని విసుక్కుంటే, "ప్రాంప్టింగ్ లాంటిదే ఇదీ. నాకొచ్చులే అనుకున్నవాడే డైలాగు తప్పుతాడు," అన్నారు. ఇంకో మాట కూడా అనేవారు. "అలిసిపోతే చెప్పి పడుకో. చెప్పకుండా మాత్రం సీసా ముట్టుకోకు."

వాడిన సూదికి తిరిగి మూత పెట్టనిచ్చేవారు కాదు. పాలపొడి డబ్బా మూతకు చిల్లు పెట్టి, వెంటనే అందులో పడేయించేవారు. డబ్బాను నర్సమ్మ ఆస్పత్రికి పట్టుకెళ్లేది. చెత్తలో వేస్తే రహమత్ నగర్ నుంచి వచ్చే చెత్త ఏరే ఆవిడ చేతికి గుచ్చుకుంటుందని ఈవిడ భయం. సిరంజీలు మరిగించి మళ్లీ వాడే అలవాటు అప్పటికింకా పోలేదు. ఒక్కసారికే పారేస్తారా అని పక్కింటివాళ్లు ముక్కున వేలేసుకునేవారు.

సరిగ్గా అప్పుడే ఆవిడకు మొట్టమొదటిసారి డైలాగున్న నర్సు వేషం వచ్చింది. జూబ్లీహిల్స్‌లో షూటింగ్. ఆవిడను తీసుకెళ్లడానికి వచ్చిన సెట్టు సామాను మనిషి, నర్సమ్మ కోసం వరండాలో పెట్టిన సూదుల డబ్బాను ఎవరికీ చెప్పకుండా సంచిలో వేసుకున్నాడు. తీరా షాటు ముందు చూస్తే ట్రేలో మా సూదులు. ఎదురుగా మంచం మీద రోగి వేషంలో చిన్నపాప.

"ఖాళీ సూదులే గదమ్మా. షాట్ల జర అసలైనవి కనిపిస్తయని తెచ్చిన. ఫికర్ చెయ్యకు, నీళ్లతోని కడిగిన," అన్నాడట అతను.

"సీసా ఖాళీ అవుతుందయ్యా. సూది ఖాళీ అవదు," అన్నారట ఈవిడ.

పటకారు అడిగి తీసుకుని, ఒక్కొక్క సూదినీ డబ్బాలో వేసుకునేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు. షాటు ఆగిపోయిందని డైరెక్టరు కేకలేశాడు. వేషం ఇంకొకరికి ఇచ్చేశారు. ఆవిడ డబ్బాను ఒళ్లో పెట్టుకుని ఇంటికొచ్చారు. ఏమైందో రెండు ముక్కల్లో చెప్పి, చేతులు కడుక్కుని, సీసా ఎత్తి, "చదువమ్మాయ్," అన్నారు. దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. పేరు పైకి చదివాను.

మా ఆయన కాలు నిలిచింది. ఆవిడకు మళ్లీ డైలాగున్న వేషం రాలేదు.

మొన్న మంగళవారం డాక్టరు ఆవిడ నాడి చూసి తల అడ్డంగా ఊపారు. నర్సమ్మ సూది తీసి పళ్లెంలో పెట్టింది. ఇల్లంతా ఏడుపులు. నాకూ ఏడుపు తన్నుకొస్తోంది. కానీ పళ్లెం మంచం అంచున ఉంది, జనం మూగుతున్నారు. ముందు ఆ సూదిని డబ్బాలో పడేశాను. మోచేతులదాకా చేతులు కడుక్కున్నాను. అప్పుడు ఏడ్చాను.

ఆవిడ సెలైన్ సీసానూ వేలాడదీసిన ఆ పాత లైటు స్టాండు ఇంకా అక్కడే ఉంది. సీసా తీసేశాం. మా ఆయన కుంటుకుంటూ వచ్చి దాని పక్కన కూర్చుంటారు, పైన ఖాళీ కొక్కెం వంక చూస్తూ.