ఇది ఎవరి మాటహో

ఊరి పేరు మాత్రం అడక్కండి. నరసన్నపేటలో హైవే దిగి కళింగపట్నం వైపు పోతుంటే దారిలో తగులుతుంది, అంతవరకే చెప్తాను. ఈ రోజుల్లో పేర్లు చెప్పడం అంత క్షేమం కాదు. మైకు ఎర్రన్న సంగతి విన్నాక మీరూ ఔనంటారు.

ఎర్రన్నకి ఒక పాత ఆటో, దాని నెత్తిన రెండు మైకు గొట్టాలు, లోపల చేతి రుమాలు చుట్టిన మౌతుపీసు. అదే అతని బతుకు. ఎవరింట్లో మనిషి పోయినా, ఎవరి గేదె తప్పిపోయినా, రేపు కరెంటు ఉండదన్నా, పోలియో చుక్కలన్నా, పేటలో చీరల కొట్టు తగ్గింపన్నా ఊరికి ముందు తెలిసేది ఎర్రన్న గొంతులోనే. పెళ్ళాం అసిరమ్మ ఒక్కర్తే ఆ గొంతుని లెక్కచెయ్యదు. ‘ఊరందరికీ అరిసి, ఇంటికొచ్చి ఉప్పు సాల్నేదని నోరిప్పి సెప్పడు’ అని దెప్పుతుంది.

ఎర్రన్న తాత దండోరా వేసేవాడు. డప్పు పోయి మైకు వచ్చింది గాని ఆ ఇంటి పద్ధతి పోలేదు. ఏం చెప్పినా చివర్న అది ఎవరు చెప్పించిన మాటో చెప్పాలి. ‘ఇది పంచాయతీవారి మాటహో’, ‘ఇది కరెంటోళ్ళ మాటహో’ అని. మాట మోసేవాడికి పాపం లేదు, మాట ఎవరిదో దాచేవాడికే పాపం అనేవాడట తాత. అందుకే ఎన్నికల్లో పొద్దున్న ఒక పార్టీకీ మధ్యాహ్నం ఇంకో పార్టీకీ తిరిగినా ఎర్రన్నని ఎవరూ ఒక్క మాట అనలేదు. ఎవరి మాట వాళ్ళకి అప్పజెప్పి, సాయంత్రానికి ఖాళీ నోటితో ఇంటికి పోయేవాడు.

అలాంటివాడు ఒకే ఒక్కసారి ఆ తోక వదిలేశాడు. కొంప అక్కడ మునిగింది.

వంశధార పొంగి, వరద తీసిన వారంలో కుళాయి నీళ్ళు పచ్చగా రావడం మొదలైంది. పల్లపు వీధిలో పిల్లలకి వాంతులు, విరేచనాలు. ఆశా కార్యకర్త దుర్గ ఇల్లిల్లూ తిరిగి మందు పొట్లాలు పంచింది, పైవాళ్ళకి ఫోన్లు చేసింది. పైనుంచి వచ్చిన జవాబు ఏమిటయ్యా అంటే, ఎల్లుండి పెద్దవాళ్ళు వచ్చి కొత్త మంచినీళ్ళ పథకం ప్రారంభిస్తారు, అప్పటిదాకా నోరు మూసుకోమని! ఆ పిల్ల పొద్దున్నే ఎర్రన్న ఆటో దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

“అన్నా, ట్యాంకులోకి మురుగు దిగిపోయినాది. నీల్లు కాసి తాగమని సెప్పన్నా. పసి గుంటలు సచ్చిపోతారు.”

“సెప్తాను తల్లీ. ఎవుల మాటని సెప్పమన్నావు?”

“నా పేరు మాత్రం ఎత్తకన్నా, నీ కాల్లు పట్టుకుంతాను. ఉజ్జోగం పోతాది.”

మొగుడు లేని పిల్ల. ఇద్దరు బిడ్డలు. ఎర్రన్న ఇంకేం అడగలేదు. ‘కుళాయి నీళ్ళు బాగోలేవు, కాచి చల్లార్చి తాగండహో’ అని ఊరంతా తిరిగి చెప్పాడు. చివర్న ఎవరి మాటో చెప్పాల్సిన చోట నోరు ఒక్క క్షణం తడబడింది, మైకు కట్టేశాడు.

ఎవడో సెల్‌ఫోన్లో పట్టాడు. మధ్యాహ్నానికి ఎర్రన్న జిల్లా అంతా తిరిగేశాడు, ఆటో అవసరం లేకుండానే! ప్రతిపక్షంవాళ్ళు వెనకాల ఏడుపు సంగీతం పెట్టి ‘జనానికి విషం తాగిస్తున్న సర్కారు’ అని రాశారు. అధికార పక్షంవాళ్ళు అదే ముక్క తీసుకుని ‘అమ్ముడుపోయిన మైకు’ అని రాశారు.

కూర్మయ్య టీ కొట్లో ఎప్పుడూ రెండు పేపర్లు వేలాడుతుంటాయి, ఆ పార్టీదొకటి, ఈ పార్టీదొకటి. ఒక్కటే వేస్తే సగం టీలు అమ్ముడుపోవు మరి. ఎర్రన్న బెంచీ చివర ఒదిగి కూచుని, తన గురించే జరుగుతున్న తగువు వింటున్నాడు. చేతిలో టీ తొరక కట్టింది.

“ఇది కుట్ర కాదేటి? ఎల్లుండి పోగ్రాం పెట్టుకుని ఇయ్యాల నీల్లు బాగోనేవంటాడా? బొక్కలో ఎయ్యాల,” అన్నాడు మురళీమోహన్. ఇప్పుడు రాజ్యం అతని పార్టీది.

“మాట్లాడితే బొక్కలో ఏసేత్తారా? మనిసికి నోరిప్పే హక్కు నేదా?” అని లేచాడు నవీన్. అతని పార్టీది మొన్నటిదాకా రాజ్యం.

ఇదే బెంచీ మీద, ముందటి సర్కారు ఉండగా, మురళీమోహన్ మేనల్లుడు ఏదో బొమ్మ ఫోన్లో పంపాడని పోలీసులు పట్టుకుపోయారు. ఆ రోజు నోరిప్పే హక్కు గురించి గుండెలు బాదుకున్నవాడు ఈ మురళీమోహనే. ‘తప్పు సెయ్యకుండా ఊరికినే తీసికెల్తారేటి’ అని మీసం దువ్వినవాడు ఈ నవీనే. ఇద్దరూ డైలాగులు మార్చుకున్నారు, సిగ్గు మాత్రం ఇద్దరికీ రాలేదు. దున్నపోతు ఈనిందంటే దూడని కట్టెయ్యమనే రకాలు! అంత రచ్చలోనూ, ఇంతకీ నీళ్ళు ఎలా ఉన్నాయని అడిగిన మగాడు ఒక్కడు లేడు.

అంతలో కానిస్టేబుల్ గంగులు బండి దిగాడు. ఈ ఊళ్ళోనే అద్దెకుంటాడు, ఎర్రన్నని ఎరిగినవాడే.

“ఎర్రన్నా, ఎస్సై గారు రమ్మంతన్నారు. ఆటో కూడా తే.”

ఎర్రన్న పై ప్రాణాలు పైనే పోయాయి. స్టేషన్ అతనికి కొత్త కాదు. ‘దొంగలున్నారు జాగ్రత్త, ఇది పోలీసువారి మాటహో’ అని వాళ్ళకోసం ఎన్నిసార్లు తిరగలేదు! అప్పుడు కుర్చీ వేసి టీ ఇచ్చేవాళ్ళు. ఈసారి నిలబెట్టారు. గోడవైపు చూస్తూ నిలబడినవాడు నిలబడినట్టే ఉండి, పక్కగదిలో ఎవరినో కసురుతున్న చప్పుడు విన్నాడు. నోట్లో తడి ఆరిపోయింది. కుళాయి కనబడుతూనే ఉంది గాని ఆ నీళ్ళు తాగడానికీ భయమే.

ఎస్సై వచ్చి కూచున్నాడు. “ఎవరు చెప్పమన్నారు?”

“ఎవులూ నేరు బాబూ.”

“ఊళ్ళో అడిగాం. ఎవరి మాటో చెప్పకుండా నువ్వు ఏదీ చెప్పవట. ఇది ఎవరిది? ఏ పార్టీవాడు చెప్పించాడు?”

దుర్గ పేరు నాలిక చివరి దాకా వచ్చింది. చెప్పేస్తే ఇంటికి పోవచ్చు. ఆ సంగతి ఎర్రన్నకి తెలుసు, అందుకే ఇంకా భయమేసింది. పోలీసులకన్నా తన నోరంటేనే ఎక్కువ భయమేసింది. పళ్ళు బిగబట్టి తల అడ్డంగా ఊపాడు.

“సరే. పుకార్లు పుట్టించి జనాన్ని రెచ్చగొట్టావని కేసు. ఆటో, మైకు ఇక్కడే ఉంటాయి. నువ్వు కూడా.”

బయట గేటు దగ్గర నవీన్ మనుషులు దండ పట్టుకుని నిలబడ్డారు. కొట్టారని ఒక్క మాట చెప్తే చాలు, రాష్ట్రమంతా నీ వెనకాల ఉంటుందని కిటికీలోంచి కబురు. లోపల మురళీమోహన్ వచ్చి పెద్దమనిషిలా భుజం మీద చెయ్యి వేశాడు.

“ఎర్రన్న బావా, మనలో మనకేటి? ఇంకోసారి తిరిగీ. నీల్లు బాగున్నాయి, నాను పొరపాటున సెప్పినానని సెప్పీ. కేసూ ఉండదు, ఏటీ ఉండదు. అక్క ఇంటికాడ ఏడుస్తన్నాదంట.”

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ఎర్రన్న ఎస్సై వైపు తిరిగాడు. “సెప్తాను. సివరాకర్న ఎస్సై గారి మాటని సెప్తాను.”

ఎస్సైకి అర్థం కాలేదు గాని మురళీమోహన్‌కి అర్థమైంది. ఊళ్ళోవాడు కదా! “ఆ తోక ఉండకూడదు సార్. ఆ తోకుంటే ఊరు నమ్మదు. సొంత మాటలాగే సెప్పాల.”

భయం ఎంత పాడు పనైనా చేయిస్తుంది. పొద్దు వాలుతుండగా ఎర్రన్న ఆటో ఊళ్ళోకి వచ్చింది, వెనకాల బండి మీద గంగులు. ‘కుళాయి నీళ్ళు బాగున్నాయి. పొద్దున్న నేను చెప్పింది పొరపాటు. అందరూ తాగొచ్చహో.’ గొంతు ఎప్పటిలాగే ఖంగుమంది. దానికే అతనికి అసహ్యమేసింది. కనీసం వణికైనా చావలేదు. గుమ్మాల్లో ఆడవాళ్ళు నిలబడి విన్నారు, ఊపిరి పీల్చుకుని లోపలికి పోయారు. ఊరు చుట్టడం అవగానే ఆటో, మైకు మళ్ళీ స్టేషన్‌కి పోయాయి, పథకం ప్రారంభం అయ్యేదాకా అక్కడే ఉంటాయట. ఎర్రన్న తల దించుకుని నడుచుకుంటూ ఇంటికి బయల్దేరాడు.

ఇంటి పక్కనే కుమారి అరుగు మీద కూచుని పిల్లని ఒళ్ళో వేసుకుంది. వాంతులతో మూడు రోజులుగా వేలాడిపోయిన పిల్ల, ఇవాళే కాస్త కళ్ళు తెరిచింది. కుమారి చేతిలో గ్లాసు, దాన్లో పచ్చటి నీళ్ళు, పిల్ల పెదాల దగ్గర.

ఎర్రన్న ఒక్క గెంతు గెంతి గ్లాసు లాగేశాడు. నీళ్ళు ఇద్దరి మీదా పడ్డాయి.

“ఏటి మావా ఇది! నువ్వే కదా బాగున్నాయని సెప్పినావు? గేసు అయిపోవస్తన్నాదని కాసడం మానేసినాను.”

“ఎవులు పడితే ఆలు సెప్తే నమ్మీడమేనా!” అని అరిచాడు.

“ఎవులో సెప్తే నాను నమ్ముతానేటి? నువ్వు సెప్పినావని నమ్మినాను.”

ఎర్రన్న వీధి పొడుగునా చూశాడు. ఒక్క కుమారేనా? వీధి వీధంతా విన్నది. ఈపాటికి ఎన్ని పొయ్యిల మీంచి గిన్నెలు దిగిపోయాయో, ఎన్ని గ్లాసులు ఎన్ని నోళ్ళ దగ్గరికి పోతున్నాయో! పొద్దుటినుంచీ పడిన భయం ఒక ఎత్తు, ఇప్పుడు పట్టుకున్న భయం ఒక ఎత్తు. లాఠీ తన ఒంటి మీద పడుతుంది. ఈ మాట పిల్లల కడుపుల్లో పడుతోంది.

ఇంట్లోకి పోయి అటక మీంచి తాత డప్పు దించాడు. అసిరమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“ఎక్కడికి? మల్లీ ఎక్కడికి? నీకేటైనా అయితే నానెవులికి సెప్పుకోవాల? కూకో. ఊరు నీ ఒక్కడిదేనేటి?”

“బయమేస్తన్నాదే అసిరీ. సేనా బయమేస్తన్నాది. ఎల్లకపోతే ఇంకా బయమేస్తాది.”

“పొద్దున్నుంచీ ఏడిసి ఏడిసి నా కల్లు పోయినాయి. నీకు బుద్ది నేదు, నీ తాతకీ నేదు,” అని తిట్టింది. తిడుతూనే ఆ డప్పు అతని చేతిలోంచి లాక్కుంది. వానాకాలం చెమ్మకి చర్మం జారిపోయి ఉంది, కొడితే బద్ మంటుంది. కాచుకున్న నీళ్ళ గిన్నె పొయ్యి మీంచి దించి, ఆ సెగకి డప్పు తిప్పి తిప్పి కాచింది. వేలితో మీటి చూసి, అతని చేతికిచ్చి, మొహం తిప్పుకుంది.

దీపాలు పెట్టే వేళకి ఊళ్ళో డప్పు మోగింది. ఎన్నాళ్ళయిందో ఆ చప్పుడు విని. ముసలివాళ్ళు కర్రలూతంగా బయటికొచ్చారు.

“నీల్లు బాగోనేవహో! సాయంత్రం సెప్పింది అబద్దమహో! కాసి తాగండహో! గుంటలకి పచ్చి నీల్లు పట్టకండహో!” మైకులో ఖంగుమనే గొంతు ఉత్త నోటితో జీరబోయి వణికింది. డప్పు మీద ఒక దెబ్బ వేసి, ఊపిరి తీసుకుని, తాత అలవాటు చేసిన చోటికి వచ్చాడు. “ఇది ఎర్రన్న మాటహో! ఇంకెవుల మాటా కాదహో!”

పల్లపు వీధి తిరిగాడు, రామమందిరం వీధి తిరిగాడు. ఒక గుమ్మంలో దుర్గ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది. అటు చూడకుండా పోయాడు. కూర్మయ్య కొట్టు ముందు నవీన్ ఫోను ఎత్తాడు, మురళీమోహన్ కూడా ఫోను ఎత్తాడు. ఇద్దరికీ కావలసిన ముక్క దొరికింది. ఊరి చివర జీపు లైట్లు కనబడ్డాయి. ఎర్రన్నకి చెమటలు పట్టాయి, చెయ్యి మాత్రం డప్పు మీంచి తీయలేదు. ఇంకో వీధి మిగిలుంది, అక్కడికే నడిచాడు.

జీపు అడ్డంగా ఆగింది. గంగులు దిగి దగ్గరికొచ్చాడు. ఎస్సై లోపల కూచుని తొందర పెడుతున్నాడు. గంగులు ఎర్రన్న మొహంలోకి చూసి గొంతు తగ్గించాడు.

“మా ఇంటికొచ్చేదీ ఈ ట్యాంకు నీల్లేనేటి?”

“అదే బాబూ. ఊరంతటికీ ఒకటే ట్యాంకు.”

గంగులు జీపు లైట్లకి వీపు తిప్పి జేబులోంచి ఫోను తీశాడు. “ఒలే, నాను. బాబీగాడికి నీల్లు పట్టినావా? నేదు కదా? కాసి పట్టు. ఆఁ, బాగోనేవంట.” అవతల ఇల్లాలు ఎవరు చెప్పారని అడిగినట్టుంది. గంగులు మెడ తిప్పి జీపు వైపు చూశాడు.

“ఎర్రన్న సెప్పినాడు,” అని ఫోను కట్టేసి, ఎర్రన్న చెయ్యి పట్టుకుని జీపు ఎక్కించాడు.