పేరు లేని కంప్యూటరు

ఆవిడ అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఎక్కడా కనిపించదు. ఆఫీసులో అందరికీ స్విచ్చులక్క. మనిషి లేని గదిలో లైటు వెలిగితే ఆవిడకు ఒళ్ళు మంట. మనిషి ఉన్న గదిలోనైనా చెయ్యి ఊరుకునేది కాదనుకోండి. స్నానం చేస్తున్న మొగుణ్ణి చీకట్లో వదిలేసిన రోజులు కోకొల్లలు. ఆయన సబ్బు తడుముకుంటూ అరిస్తే, లోపలున్నట్టు ముందే చెప్పొద్దా అని ఈవిడే ఎదురు దబాయించేది.

ఆఫీసులో ఆవిడది లెక్కల పని. ఫ్రిజ్ కూడా ఆవిడ ఏలుబడిలోదే. పేరు చీటీ లేని డబ్బా శుక్రవారం సాయంత్రానికి చెత్తబుట్టలోకి పోవలసిందే. ఒకసారి యజమాని తెచ్చుకున్న డబ్బాకూ అదే గతి పట్టింది. ఆ తర్వాత ఆయన బుద్ధిగా చీటీ అంటించుకోవడం మొదలుపెట్టాడు.

బడులకు టైంటేబుళ్ళు వేసిపెట్టే సాఫ్ట్‌వేరు వాళ్ళది. అది నడవడానికి కావలసిన కంప్యూటర్లను కొనరు, క్లౌడ్‌లో గంటల లెక్కన అద్దెకు తీసుకుంటారు. వాడినా వాడకపోయినా అద్దె అద్దే. ఏడాదిలో అది రెట్టింపయి కూర్చుంది. నెలాఖరు శుక్రవారానికి మూడో వంతు తగ్గాలి, లేకపోతే సాఫ్ట్‌వేరులో తప్పులు పట్టే బాబాయిని ఇంటికి పంపక తప్పదని యజమాని చెప్పేశాడు.

బాబాయి అంటే అందరికీ బాబాయే. యాభై రెండేళ్ళు. పదకొండేళ్ళుగా అక్క పక్క బల్ల. రోజూ నాలుగింటికి ఒక్క టీ తెప్పించుకుని ఇద్దరూ చెరిసగం తాగుతారు. కూతురి చదువు ఇంకా రెండేళ్ళుంది. ఈ వయసులో ఆయన్ని ఎవడు పిలిచి ఉద్యోగమిస్తాడు? అక్క లేచి తిన్నగా యజమాని దగ్గరికి వెళ్ళింది. ఆ అద్దె కంప్యూటర్ల సంగతి తనకు వదిలెయ్యమంది.

క్లౌడ్ గురించి ఆవిడకేం తెలుసు? ఫ్రిజ్ తెలుసు, చాలదూ! క్లౌడ్ చూసుకునే ఇంజనీరు చేత ఉన్న కంప్యూటర్లన్నిటికీ చీటీలు రాయించి గోడకు అంటించింది. నూట పద్నాలుగు తేలాయి. ఎవరిది వాళ్ళు పేరు రాసుకోవాలి, పేరు లేనిదాన్ని ఆపెయ్యాలి. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని ఊరికే అన్నారా? ఒకాయన పెళ్ళికి ముందు తెరిచి మరిచిపోయినది ఇంకా నడుస్తూనే ఉంది, ఆయన కూతురు బడికి కూడా వెళ్తోంది. అలాంటివి నలభై ఆగిపోయాయి. పగలు మాత్రమే పనుండేవాటికి సాయంత్రం ఆరింటికల్లా ఆగే ఏర్పాటు జరిగింది.

శుక్రవారం మధ్యాహ్నానికి పేరు పడని చీటీ ఒక్కటే మిగిలింది. అన్నిటికంటే పెద్ద కంప్యూటరు అదే, అది ఆగితేగానీ మూడో వంతు పూర్తికాదు. ఒకప్పుడు అందరూ ఒకే పాస్‌వర్డు వాడేవాళ్ళు గనుక దాన్ని తెరిచిందెవరో తేలలేదు. బడుల పని ఆగిపోతుందేమోనని యజమానికి భయం. ఎవరో ఒకరు తనదని ఒప్పుకుంటేనే ఆపమన్నాడు.

అక్క బల్లబల్లకూ తిరిగింది. బతిమాలింది, తిట్టింది. బాబాయినీ అడిగింది. ఆయన టీ ఊదుకుంటూ, పోనీలే అమ్మాయ్, వదిలెయ్యమన్నాడు. ఉద్యోగం ఊడబోతుంటే ఈ వైరాగ్యమేమిటని ఆయనకూ నాలుగు తగిలించింది.

నాలుగున్నరకు ఇంజనీరు వచ్చాడు. "అక్కా, ఇది నెలంతా ఖాళీగానే ఉంటోంది. ఒకటో తారీకు పొద్దున్న పదింటికి మాత్రం పది నిమిషాలు పనిచేస్తోంది."

పది నిమిషాల పనికి నెలంతా అద్దె కట్టిస్తున్న ఆ మహానుభావుడెవరో తన కంట పడాలంటూ అక్క లేచింది. లేచినది లేచినట్టే నిలబడిపోయింది.

ఒకటో తారీకు, పది గంటలు. జీతాల పట్టీ! నాలుగేళ్ళ కిందట ఆ పట్టీ వేస్తుంటే తన కంప్యూటరు మొరాయించేది. బాబాయి ఏదో చేసి, ఇకమీదట ఈ బటన్ నొక్కు చాలన్నాడు. ఆ పని ఎక్కడ జరుగుతోందో ఆవిడ ఏనాడూ అడగలేదు. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికింది.

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. తెరిస్తే, రేపటి నుంచి తను స్విచ్చు మీద చెయ్యి వేసినప్పుడల్లా నవ్వని వాడుండడు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. గోడ దగ్గరికి నడిచి, ఆ చీటీ మీద తన పేరు పెద్దక్షరాలతో రాసింది.

"ఎవరండీ ఈవిడ?" అన్నాడు ఇంజనీరు, పేరు కూడబలుక్కుని.

"నేనే."

గదంతా గొల్లుమంది. అక్క బాబాయి వైపు తిరిగింది. "నీకు తెలుసుగా? చెప్పవేం?"

"ఏం చెప్పను? నాదని రాస్తే దేనికని అడుగుతారు. లైట్ల కోసం ఊరందర్నీ తిట్టేదానివి, నలుగురిలో నిన్నెలా పట్టివ్వను అమ్మాయ్?"

అక్క కళ్ళు నిండిపోయాయి. బుద్ధుందా నీకు అని తిడుతూనే, ఇంజనీరు చూపించిన చోట తనే నొక్కి ఆపింది. ఇక అది ఒకటో తారీకున పది నిమిషాలే లేస్తుంది. యజమాని లెక్క చూసుకుని, సోమవారం కలుద్దామని బాబాయి భుజం తట్టాడు.

ఆ సాయంత్రం ఇంట్లో స్నానాల గది లైటు వెలుగుతోంది. అక్క చెయ్యి అలవాటుగా స్విచ్చు మీదికి వెళ్ళి ఆగింది.

"లోపల ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది.

మొగుడు లోపలే ఉన్నాడు. పెళ్ళయిన పంతొమ్మిదేళ్ళలో ఆ మాట వినడం ఇదే మొదలు కావడంతో, ఎవరో పరాయివాళ్ళు ఇంట్లోకి వచ్చారనుకుని తలుపు గడియ గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు.