మహేష్ వాళ్ల నాన్న అడిగిన మాట

ఈ సాయంత్రం తాండూరు బస్టాండు దగ్గర చాయ్ హోటల్లో నలుగురు మిత్రులం కూర్చుని రేపు టీవీలో వచ్చే బైక్ రేసు గురించి గట్టిగా వాదించుకుంటున్నాం. మణికట్టు విరిగిన నీలంబండి ఛాంపియన్ ఈసారి గెలవలేడని నేను, తప్పక గెలుస్తాడని రఫీ. అంతలో మహేష్ వాళ్ల నాన్న వచ్చి మా పక్కన కూర్చున్నాడు. మహేష్ మాలో ఐదోవాడు. రెండు నెలల కింద డ్యూటీ దిగి బైక్ మీద వస్తుంటే, కరణ్‌కోట రోడ్డులో లారీ గుద్ది అక్కడికక్కడే పోయాడు. ఆయన్ని చూడగానే మా మాటలు ఆగిపోయాయి.

"ఎందుకు ఆపిండ్రురా? మావోడు ఎప్పుడు ఒక ఎర్రబండోని ముచ్చటే చెప్తుండె. గాడు రేపు ఉన్నడా?" అని అడిగాడు.

"ఉన్నడు కాకా. కానీ గీసారి అందరికన్న ఎనుకకెల్లి మొదలువెడ్తడు. గెలుసుడు కష్టమే," అన్నాడు రఫీ.

"గెలవకున్నా ఏం కాదు. పడకుంట ఇల్లు చేరితే సాలు. నేను, వాళ్లమ్మ టీవీల చూస్తం. ఎన్ని గంటలకొస్తదో జర చెప్పుండ్రి."

టైము చెప్పాను. చాయ్ తాగమన్నా వినకుండా లేచి వెళ్లిపోయాడు.

ఇన్నేళ్లుగా రేసులు చూస్తున్నాను, ఎవరు గెలుస్తారనే తప్ప ఎవరు ఇల్లు చేరతారని ఒక్కసారీ ఆలోచించలేదు. రేపు గెలిచేదెవరో మీరే చెప్పండి. నాకు ఈ పూట ఎవరి పేరూ నోటికి రావడం లేదు.